మూలుగ

ఏప్రిల్ ముప్పై. అర్ధరాత్రికి ఇంకా నలభై నిమిషాలు.
రాకీ పర్వతాల కింద, డ్రై ఫోర్క్ లోయ గేటు ముందు
ట్రక్కుల వరసలో నాది ముప్పై ఏడోది.
హీటరు పనిచేయదు. థర్మాస్‌లో కాఫీ
ఇనుము రుచికి వచ్చేసింది.
ముందు ట్రక్కులో ఆర్విల్ టస్కర్
గుర్రాన్ని కూడా తెచ్చుకున్నాడు.
వెనక ట్రక్కులో ఇద్దరు పిల్లలు,
నుదుట దీపాలు కట్టుకునే నిద్రపోతున్నారు.

గేటుకు కట్టిన కాగితం మీద నాలుగే వాక్యాలు.
చలికాలం పోయేదాకా
రాలిన కొమ్ము వెతకరాదు.
ముట్టరాదు.
దాచిపెట్టి తర్వాత వచ్చి తీసుకోరాదు.
నాలుగోది జరిమానా.

మా మామ డెల్మర్ ఆ కాగితం చూసి నవ్వేవాడు.
"పండు రాలితే చెట్టుని అడిగి తింటామా?
మగ ఎల్క్ తనే తల విదిల్చి పారేసింది.
ఈ నేల సర్కారుది, అంటే అందరిదీ,
అంటే నాది కూడా."
చాలాకాలం ఆ లెక్కలో
నాకు తప్పు కనిపించలేదు.

మార్చి రెండోవారం.
పగలు కరిగి రాత్రి బిగుసుకున్న మంచు
కాలికింద అప్పడంలా విరుగుతోంది.
ఎండ తగిలే వాలులో, సేజ్ పొదల మధ్య
ఎడమ కొమ్ము దొరికింది.
ఆరు కొనలు. మొదట్లో నా మణికట్టుని మించిన లావు.
తల నుంచి ఊడిన చోట
రక్తపు చుక్క ఇంకా ఆరలేదు.
కుడిది దగ్గర్లోనే ఉండాలి.
జతయితే ధర వేరు.

వాలెక్కాను. వాలు దిగాను.
నా ముందు మంద లేచింది,
అరవయ్యో డెబ్బయ్యో ఉంటాయి,
వాగు వైపు కదిలింది.
పరిగెత్తను కూడా లేదు.
రెండో షిఫ్టుకి పిలిచిన కూలీల్లా లేచి
పొట్టలోతు మంచులో పడి
అవతలి గట్టుకు.
నేను తరమలేదు. నడిచానంతే.
ఆ రోజు మూడుసార్లు లేచాయి.

కుడిది దొరకలేదు.
ఎడమదాన్ని జునిపర్ మొదట్లో పాతి
బెరడు మీద కత్తిగాటు పెట్టుకున్నాను.
దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

తొమ్మిది రోజులకి వార్డెన్ మారిట్ ఎంగెన్
మా షెడ్డు ముందు బండి ఆపింది.
ఏమీ అడగలేదు. వెనక తలుపు దించింది.
ఆడ ఎల్క్. చూడిది.
పక్కటెముకలు లెక్కపెట్టచ్చు.
గొడ్డలి వెనకతట్టుతో తొడ ఎముక పగలగొట్టి
లోపలిది వేలితో తీసి
నా అరచేతిలో పెట్టింది.

మూలుగ తెల్లగా, వెన్నలా గట్టిగా ఉండాలి.
ఇది ఎర్రగా, జావలా జారింది.
"చివరికి ఎముకలో దాచుకున్నది ఇదే," అంది మారిట్.
"అదీ ఖర్చుపెట్టేసింది."

దాన్ని లేపింది నేనో, ఆర్వీలో,
చలే తినేసిందో
ఆమెకు తెలీదు. నాకూ తెలీదు.
జరిమానా రాయలేదు.
రాసుంటే కట్టేసి మరిచిపోయేవాణ్ణి.

గేటు దగ్గర టార్చి ఊగుతోంది.
ఇంజన్లు ఒక్కొక్కటే గొంతు సవరించుకుంటున్నాయి.
పైన పచ్చిక మొలిచింది, మంద కొండెక్కిపోయింది.
ఈ రాత్రి మేం ఎంత తొక్కినా
ఖాళీ నేలనే తొక్కుతాం. తేదీ ఉన్నది అందుకే.
ఇంత చిన్న సంగతి
మామకి ఎవరూ చెప్పలేదో,
చెప్పినా వినలేదో.

గాటు పెట్టిన చెట్టుకి దారి
కళ్ళు మూసుకున్నా తెలుసు నాకు.
నేను తియ్యకపోతే ఎలుకలు కొరుక్కుంటాయి,
లేదా వెనక పిల్లల్లో ఒకరికి కనిపిస్తుంది.
పిల్లలకే దొరకాలని అనుకుంటున్నాను.
అనుకుంటూనే
కిలో ఎంత పలుకుతోందో గుర్తుచేసుకుంటున్నాను.

అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను,
పొడిగానే ఉంది, అయినా.
ముందు గుర్రం సకిలించింది.
గేరు వేశాను.